పసిబిడ్డ మెదడు - ఇంటి కలత

పంచాయతి సమావేశములలో చర్చకు వచ్చు విషయములు సాధారణముగా కంటికి కనబడునట్టివి. బోరుబావి ఎండినది, వీథిదీపములు వెలుగుట లేదు, మురుగుకాలువ పూడినది, పాఠశాల ప్రహరీ కూలినది. వీనిలో ప్రతిదానికిని ఒక అంచనా ఉండును, ఒక బిల్లు ఉండును, పని ముగిసిన పిమ్మట చూచి సంతోషించుటకు ఒక కట్టడము ఉండును. ఊరిలో ఆ నెల పుట్టిన బిడ్డల సంగతి మాత్రము జననముల రిజిష్టరులో నాలుగు పంక్తులతో ముగియును. బిడ్డ పెంపకము తల్లిదండ్రుల సొంత వ్యవహారమనియు, అందులో పంచాయతికి పని లేదనియు మనలో చాలమంది భావింతురు. ఈ భావము ఎంతవరకు సరియైనదో విచారించుటకే ఈ వ్యాసము.

పుట్టిననాడు మనిషి మెదడు బరువు సుమారు 350 నుండి 400 గ్రాములు. పెద్దవారి మెదడు 1,300 నుండి 1,400 గ్రాములుండును. ఈ పెరుగుదలలో ఎక్కువ భాగము బిడ్డ బడి మెట్టు ఎక్కక మున్నే జరిగిపోవును. రెండేండ్లు నిండునప్పటికి బిడ్డ మెదడు పెద్దవారి మెదడు పరిమాణములో ముప్పాతిక వంతును దాటును. ఇది కేవలము బరువు పెరుగుట కాదు. కోట్లకొలది కణములు ఒకదానితోనొకటి ముడిపడుచుండును. వాడుకలోనున్న ముడులు గట్టిపడును. వాడుకలో లేనివి విడిపోవును. నీరు పారిన బోదె నిలుచుట, పారని బోదె పూడుట రైతునకు తెలిసిన సంగతియే. మెదడులో జరుగునదియు ఇంచుమించు అట్టిదే.

ఈ నిర్మాణమునకు ఆహారము అవసరమని అందరు నెరుగుదురు. గ్రుడ్డు, పాలు, పప్పు, ఇనుము, అయోడిను గూర్చి అంగన్‌వాడీలలో చెప్పుచునే యున్నారు. ఆహారముతోపాటు బిడ్డ మెదడును మలచు మరియొక పదార్థము కలదు. అది బయటినుండి వచ్చునది కాదు. బిడ్డ దేహములోనే పుట్టును. దాని పేరు కార్టిసాల్.

కార్టిసాల్ అనగా నేమి?

మన మూత్రపిండములపై టోపీలవలె కూర్చున్న రెండు చిన్న గ్రంథులు కలవు. వానిని అడ్రినల్ గ్రంథులందురు. భయము, నొప్పి, ఆకలి కలిగినపుడు మెదడు అడుగుభాగమున నున్న హైపోథాలమస్ అను కేంద్రము పిట్యూటరీ అను గ్రంథికి కబురు పంపును. పిట్యూటరీ అడ్రినల్ గ్రంథులకు కబురు పంపును. జిల్లానుండి మండలమునకు, మండలమునుండి గ్రామమునకు ఉత్తరువు దిగినట్లు ఈ కబురు దిగును. అప్పుడు అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అను హార్మోనును రక్తములోనికి వదలును. జిల్లా ఉత్తరువువలె గాక ఇది కొద్ది నిమిషములలోనే అమలగును.

కార్టిసాల్ రక్తములో చక్కెరను పెంచి దేహమును ఆపదకు సిద్ధపరచును. ఆ సమయమున ఎదుగుదల, జీర్ణము, రోగనిరోధము వంటి పనులు కొంత వెనుకబడును. ఇల్లు అంటుకొన్నపుడు పొలము పని ఆపి అందరు నీళ్ల బిందెలతో పరుగెత్తుట వంటిది ఇది. ఆపద తొలగిన పిమ్మట ఇదే కార్టిసాల్ మెదడును చేరి, ‘ఇక చాలును’ అను కబురు అందించును. అంతట స్రావము తగ్గును. కావున కార్టిసాల్ మనకు శత్రువు కాదు. ప్రతి ఉదయము మనము నిద్ర లేచు వేళకు అది హెచ్చుగా నుండి, రాత్రికి తగ్గును. అది లేకున్న మనిషి బ్రతుకజాలడు.

దేహముపై ఒత్తిడి కలిగించు వివిధ కారణములకు దేహము ఒకే తీరున స్పందించునని హాన్స్ సెల్యె అను శాస్త్రజ్ఞుడు 1936లో కెనడాలోని మాంట్రియల్ నుండి ప్రకటించెను. అడ్రినల్ గ్రంథుల హార్మోనులపై చేసిన కృషికై కెండాల్, రైక్‌స్టైన్, హెంచ్ అను ముగ్గురికి 1950లో నోబెల్ బహుమానము లభించినది. 1968లో న్యూయార్కులో బ్రూస్ మెక్యువెన్ అను శాస్త్రజ్ఞుడు ఎలుకలపై పరిశోధించి, ఈ జాతి హార్మోనును మెదడులోని హిప్పోకాంపస్ అను భాగము గట్టిగా పట్టుకొనునని చూపెను. హిప్పోకాంపస్ జ్ఞాపకమునకు, నేర్చుకొనుటకు ముఖ్యమైన స్థానము. అనగా దేహములో ఆపదకై పుట్టిన హార్మోను చదువునకు సంబంధించిన చోటనే పోయి కూర్చుండునన్నమాట. ‘ఇక చాలును’ అను కబురును అందుకొను ముఖ్యస్థానములలోను ఇది యొకటి.

చిక్కు ఎక్కడ వచ్చుననగా, ఆపద తొలగనప్పుడు. కార్టిసాల్ నెలల తరబడి హెచ్చుగానుండిన జంతువులలో హిప్పోకాంపస్ కణముల కొమ్మలు కురుచగుట శాస్త్రజ్ఞులు చూచిరి. భయమును పసిగట్టు అమిగ్డాలా అను భాగము అట్టి స్థితిలో మరింత చురుకగును. ఆలోచించి అడుగు వేయుటకు, కోపమును అణచుకొనుటకు తోడ్పడు భాగము నొసటి వెనుక నుండును. అది అన్నిటికంటె నెమ్మదిగా ఎదుగునది గనుక దెబ్బకు అన్నిటికంటె ఎక్కువ కాలము గురియగును. పెద్దవారికి ఇట్టి కలత కలిగినను, కట్టిన ఇంటికి గాలివాన తగిలినట్లు. పసిబిడ్డకైతే పునాది పోయుచుండగా వాన కురిసినట్లు.

గర్భములోనున్న శిశువునకు ప్రకృతి ఒక రక్షణ ఏర్పరచినది. తల్లి రక్తములోని కార్టిసాల్‌లో ఎక్కువ భాగమును మాయలోని ఒక ఎంజైము నిర్వీర్యము చేయును. కాని ఆ రక్షణ సంపూర్ణమైనది కాదు, కొంత దాటిపోవును. గర్భిణి మనసు కష్టపెట్టరాదని మన పెద్దలు చెప్పు మాటకు దేహశాస్త్రములో ఆధారము కలదు.

పుట్టిన తరువాత మాయ లేదు. పసిబిడ్డ తన భయమును తానే అణచుకొనజాలదు. ఆ పనిని బిడ్డకు బదులు మరియొకరు చేయవలెను. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున మేగన్ గన్నర్, ఆమె తోడి పరిశోధకులు టీకా వేయించుకొను పిల్లల ఉమ్మిలోని కార్టిసాల్‌ను కొలిచి, ఫలితములను 1996లో ప్రకటించిరి. ఏడాది దాటిన బిడ్డకు సూది గ్రుచ్చిన ఏడ్చును, అది సహజము. కాని తల్లి వచ్చి ఎత్తుకొనునను నమ్మకము స్థిరపడిన బిడ్డలలో, ఏడ్పు ఎంత బిగ్గరగా నున్నను కార్టిసాల్ పెరుగలేదు. అట్టి నమ్మకము లేని బిడ్డలలో పెరిగినది. సూది ఒక్కటే, ఏడ్పు ఒక్కటే. రక్తములో జరిగినది వేరు. మన ఉపకేంద్రములో టీకాలనాడు వినబడు ఏడ్పులను చూచి ఎవరును కంగారుపడ నక్కరలేదని దీనినిబట్టి తెలియుచున్నది. బిడ్డ ఏడ్చినదా లేదా అనునది ప్రశ్న కాదు. ఏడ్చినపుడు ఎవరైనను వచ్చిరా అనునదే ప్రశ్న.

ఎలుకలు నేర్పిన పాఠము

ఈ సంగతి మొదట ఎలుకల వలన తెలిసినది. 1950 దశకములో సేమౌర్ లెవిన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఎలుక పిల్లలను ప్రతిదినము కొద్ది నిమిషములు తల్లినుండి వేరుచేసి మరల గూటిలో ఉంచెను. పసితనమున బాధపడిన పిల్లలు పెద్దవైన పిమ్మట పిరికివగునని ఊహ. జరిగినది తలక్రిందు. కదల్పక గూటిలోనే ఉంచిన వానికంటె ఇవే ధైర్యముగా నుండెను. కారణము తరువాత తెలిసినది: పిల్ల తిరిగి వచ్చినపుడు తల్లి దానిని మునుపటికంటె హెచ్చుగా నాకి, శుభ్రపరచి, చేరదీయును. చిన్న కష్టమును ఆ లాలన మరపించుటయే గాక, అంతకు మించిన మేలు చేసినది.

సెల్యె పనిచేసిన మెక్‌గిల్ విశ్వవిద్యాలయమునందే, ఆయన ప్రకటన వెలువడిన ఆరు దశాబ్దములకు, మైకేల్ మీనీ బృందము ఈ పనిని ముందుకు నడిపినది. ఎలుకలలోను తల్లులు అందరు ఒక్కతీరువారు కారు. కొందరు పిల్లలను ఎక్కువగా నాకుదురు, కొందరు తక్కువగా. ఎక్కువగా నాకిన తల్లుల పిల్లలకు పెద్దవైన పిమ్మట హిప్పోకాంపస్‌లో హార్మోనును అందుకొను గ్రాహకములు హెచ్చుగా నుండెనని, అందువలన వాని దేహము ఆపద తొలగినంతనే చల్లబడుచుండెనని 1997లో ప్రకటించిరి. అది తల్లి రక్తమునుండి వచ్చిన గుణమేమో యని సందేహము కలుగవచ్చును. ఒక తల్లి పిల్లలను మరియొక తల్లి గూటిలో పెంచి చూచిరి. పిల్లలు కన్నతల్లిని గాక పెంచినతల్లిని పోలెను. 2004లో మరియొక సంగతి బయటపడినది: తల్లి లాలన ఆ గ్రాహకమునకు సంబంధించిన జన్యువుపై నుండు రసాయనిక ముద్రను మార్చుచున్నది. జన్యువు మారలేదు, అది చదువబడు తీరు మారినది.

ఎలుకల సంగతిని మనుష్యులకు యథాతథముగా అన్వయింపరాదు. పసిబిడ్డలను బాధపెట్టి పరీక్షించుట ధర్మమును కాదు. అయినను చరిత్రలో ఒక దేశపు ప్రభుత్వము తన మూర్ఖత్వముచే అట్టి పరీక్షను లక్షమందికి మించిన బిడ్డలపై జరిపినది.

బుఖారెస్టు బిడ్డలు

జనసంఖ్యను పెంచవలెనను పట్టుదలతో రుమేనియా పాలకుడు చౌషెస్కు 1966లో గర్భస్రావములను నిషేధించెను. పోషింపలేని కుటుంబములు బిడ్డలను ప్రభుత్వ శిశుసదనములలో వదలిపెట్టిరి. 1989 డిసెంబరులో ఆ ప్రభుత్వము కూలినపుడు లక్షకు పైగా పిల్లలు ఆ సదనములలో నుండిరి. వారిలో చాలమందికి అన్నము ఉన్నది, పరుపు ఉన్నది, పైకప్పు ఉన్నది. లేనిది ఒక్కటే: ఏడ్చినపుడు వచ్చు ఒక మనిషి. పది పదిహేను మంది బిడ్డలకు ఒక ఆయా. ఆమెయు గంటల లెక్కన మారుచుండును. అచ్చట మంచములలోని శిశువులు ఏడ్చుట మానివేసిరని చూచినవారు వ్రాసిరి.

2000లో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అను ముగ్గురు అమెరికా పరిశోధకులు రాజధాని బుఖారెస్టులో ఒక అధ్యయనము ప్రారంభించిరి. సదనములలోని 136 మంది బిడ్డలను తీసికొనిరి. వారి వయసు 6 నెలలనుండి 31 నెలలు. చీట్లు వేసిన రీతిగా సగముమందిని శిక్షణ పొందిన పెంపుడు కుటుంబములకు అప్పగించిరి. తక్కినవారు సదనములలోనే యుండిరి. పోల్చిచూచుటకు ఊరిలోని సొంత కుటుంబములలో పెరుగుచున్న 72 మంది బిడ్డలను చేర్చుకొనిరి. చీట్లు వేసి కొందరిని వదలివేయుట చదువరులకు కష్టముగా తోచవచ్చును. ఈ రచయితకును తోచినది. ఆనాడు ఆ నగరమున పెంపుడు కుటుంబములు దాదాపు లేవు. అధ్యయనము లేకున్నచో 136 మందియు సదనములోనే యుండెడివారు. తరువాత ఏ బిడ్డ కైనను ఇల్లు దొరకినపుడు పరిశోధకులు అడ్డుపడలేదు.

నాలుగున్నర ఏండ్ల వయసున తెలివితేటల పరీక్షలో సదనములోని పిల్లల సగటు సుమారు 73. పెంపుడు ఇండ్లకు వెళ్లినవారిది 81. సొంత ఇండ్లలో పెరిగినవారిది 109. రెండేండ్లు నిండక మున్ను ఇల్లు దొరకిన బిడ్డలు ఎక్కువగా కోలుకొనిరి. ఆలస్యమైనకొలది లాభము తగ్గినది.

హార్మోనుల విషయము మరింత ఆశ్చర్యకరము. ఈ పిల్లలు పండ్రెండేండ్ల వయసునకు వచ్చినపుడు, అపరిచితుల ఎదుట మాటాడుట వంటి కొన్ని కలవరపరచు పనులు వారికి అప్పగించి, కార్టిసాల్‌ను, గుండె వేగమును కొలిచిరి. ఫలితములు 2015లో వెలువడినవి. సదనములో పెరిగిన పిల్లలలో కార్టిసాల్ మితిమీరి పెరుగునని అనుకొనుట సహజము. అట్లు జరుగలేదు. అది కదలనే లేదు. పసితనమున ఎవరును ఆలకింపని గంట మ్రోగి మ్రోగి మూగబోయినట్లున్నది. పెంపుడు ఇండ్లకు వెళ్లినవారి స్పందన సొంత ఇండ్లలో పెరిగిన పిల్లల స్పందన వలె నుండెను. విశేషముగా రెండేండ్లకు లోపు వెళ్లినవారిలో. అందుచేత, పెంకితనము చేయు పిల్లవాడే కలతలో నున్నాడని, మౌనముగా కూర్చున్న పిల్లవాడు బుద్ధిమంతుడని అనుకొనరాదు. ‘మా బిడ్డ ఏడ్వనే ఏడ్వదు’ అని చెప్పు ఇంటిని ఆశా కార్యకర్త మరింత శ్రద్ధగా చూడవలసి యుండును.

జమైకా ఆటబొమ్మలు

మన ఊళ్లలో బుఖారెస్టు సదనములు లేవు. మన బిడ్డలకు తల్లి ఉన్నది, అవ్వ ఉన్నది, వీథి నిండ జనము కలరు. మన చిక్కు పేదరికము. కావున జమైకా కథ మనకు మరింత దగ్గరిది.

1986-87లో శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ అను వైద్యురాలు, ఆమె సహచరులు జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లోని పేదవాడలలో వయసుకు తగిన ఎత్తు ఎదగని 129 మంది బిడ్డలను తీసికొనిరి. వయసు 9 నెలలనుండి రెండేండ్లు. కొందరికి వారమునకు ఒక కిలో పాలపొడి మిశ్రమము ఇచ్చిరి. కొందరి ఇండ్లకు వారమునకు ఒక గంట చొప్పున ఒక ఆరోగ్య సహాయకురాలు వెళ్లి, తల్లితో కలిసి బిడ్డను ఆడించెను. కొందరికి రెండును చేసిరి. కొందరికి ఏదియు చేయలేదు. ఇట్లు రెండేండ్లు నడచినది. సహాయకురాండ్రు పట్టభద్రులు కారు. ఆ వాడలలో పనిచేయు సామాన్య ఉద్యోగినులు. ఆటవస్తువులు కొన్నవి కావు. ఇంటిలో పారవేయు డబ్బాలతో, మూతలతో, గుడ్డపీలికలతో చేసినవి.

పాలపొడి వలన కలిగిన మేలు కొంతకాలమునకు అణగిపోయినది. ఆట వలన కలిగిన మేలు నిలిచినది. పదునేడు పదునెనిమిది ఏండ్ల వయసున ఆ పిల్లలలో ఆందోళన, దిగులు తక్కువగా నుండెను. ఇరువదిరెండేండ్లకు ఉద్యోగములలో చేరినప్పుడు వారి సంపాదన, ఆట లేని గుంపువారి సంపాదనకంటె సుమారు 25 శాతము అధికముగా నుండెనని 2014లో ప్రకటింపబడినది. పాలపొడి వద్దని దీని అర్థము కాదు. ఆకలితోనున్న బిడ్డ ఆడుకొనదు.

జమైకాలోనే 1998లో ప్రకటించిన మరియొక పరిశీలనలో, పసితనమున గిడసబారిన పిల్లలకు బడి వయసున కార్టిసాల్, గుండె వేగము ఇతరులకంటె హెచ్చుగా నున్నట్లు తేలినది. ఎత్తుపట్టికపై కనబడు లోటు, రక్తములో కనబడని లోటు జోడుగా నడచుచున్నవి.

మెక్సికోలో నాడు అమలులోనుండిన ఒక పథకము క్రింద పేద తల్లులకు నేరుగా నగదు ఇచ్చెడివారు. బిడ్డలను వైద్యపరీక్షకు తీసికొనిపోవలెనని షరతు. లయా ఫెర్నాల్డ్, మేగన్ గన్నర్ అనువారు ఆ కుటుంబములలోని రెండునుండి ఆరేండ్ల పిల్లల ఉమ్మిని పరీక్షించి, పథకము అందిన ఇండ్లలో కార్టిసాల్ తక్కువగా నుండెనని 2009లో ప్రకటించిరి. విశేషముగా దిగులుతో బాధపడు తల్లుల బిడ్డలలో ఈ భేదము కనబడినది. పంచాయతి సభ్యులు ఈ వాక్యమును రెండుమారులు చదువవలెనని నా మనవి. ఎక్కడనో కార్యాలయములో ఒక కాగితము కదలినది. తల్లి చేతికి డబ్బు వచ్చినది. ఇంటిలో కలత తగ్గినది. బిడ్డ ఉమ్మిలో హార్మోను తగ్గినది. ఆ కాగితము కదలకున్నను అంతే దూరము ప్రయాణించును.

మన ఊరి మాట

రాజ్యాంగపు 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. దానితో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతులకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. అందు 25వది స్త్రీ శిశు అభివృద్ధి. కావున బిడ్డల సంగతి మనకు సంబంధింపనిది కాదు.

అంగన్‌వాడీ కేంద్రమునకు ప్రతిదినము వచ్చి కూర్చుండు పిల్లలు మూడేండ్లు దాటినవారు. మూడేండ్ల లోపువారు ఇంటివద్దనే యుందురు; వారి వంతు పౌష్టికాహారము ఇంటికి పోవును. అనగా మెదడు అన్నిటికంటె వేగముగా ఎదుగు వయసులోనే బిడ్డ మన కంటికి అతి తక్కువగా కనబడుచున్నది. ఆశా కార్యకర్త పుట్టిన బిడ్డను 42 దినములలోపు పలుమారులు చూడవలెను. తరువాత 2018లో వచ్చిన ఏర్పాటు ప్రకారము 3, 6, 9, 12, 15 నెలలకు ఇంటికి పోవలెను. ఈ సందర్శనములు కాగితముమీద జరుగుచున్నవా, గడపలో జరుగుచున్నవా అనునది ఊరివారికి తెలిసినంతగా పై అధికారికి తెలియదు. జరిగినచోట్ల తరచుగా బరువు తూచి, మాత్రలిచ్చి ముగింతురు. జమైకా సహాయకురాలు చేసిన గంట పని అది కాదు. 2024లో కేంద్ర ప్రభుత్వము మూడేండ్ల లోపు పిల్లలకు ‘నవచేతన’ అను పేర వయసువారీగా ఆటల ప్రణాళికను వెలువరించినది. అంగన్‌వాడీ కార్యకర్త దానిని చూచినదా, చూచినచో ఇండ్లకు పోవుటకు ఆమెకు రిజిష్టరుల పని మధ్య వేళ చిక్కుచున్నదా అని అడుగుట తప్పు కాదు. గిలక, చెంబు, చింతగింజల డబ్బా, పాత చీర ఉయ్యాల లేని ఇల్లు మన ప్రాంతమున లేదు.

ఇచ్చట ఒక జాగ్రత్త చెప్పవలెను. ఈ విషయము తెలిసిన వెంటనే తల్లులను తప్పుపట్టుట మన అలవాటు. అది అన్యాయము, నిష్ప్రయోజనము కూడ. తొలికాన్పునకు పుట్టింటికి పోవు ఆచారము వలన బాలింతకు మూడు నెలలో, ఐదు నెలలో విశ్రాంతి దొరకును. అత్తవారింటికి వచ్చిన మరునాటినుండి నీళ్లు, వంట, పశువులు, కూలి. బిడ్డ పెద్దగా నవ్వ నేర్చి, ఎదుటివారి మోము చూచి బదులు పలుకు వయసు సరిగా అదే. కుళాయి నీరు రానినాడు తల్లి కోల్పోవు రెండు గంటలు ఎవరి గంటలో ఆలోచింపుడు. కుళాయి మన పని.

రాత్రి సంగతి మరియొకటి. ‘పసిగుడ్డుకు ఏమి తెలియును? నిద్రపోవుచున్నది’ అని పెద్దవారు బిడ్డ ప్రక్కనే కలహింతురు. ఆరెగాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరు నెలలనుండి ఏడాది వయసు శిశువులను నిద్రపుచ్చి, మెదడును చిత్రించు యంత్రములో నుంచి, కోపముతో కూడిన గొంతును వినిపించిరి. ఫలితము 2013లో ప్రకటించిరి. నిద్రలోనే శిశువు మెదడు ఆ గొంతును గుర్తించినది. తల్లిదండ్రుల కలహములు ఎక్కువగా నుండు ఇండ్ల శిశువులలో హైపోథాలమస్ మున్నగు భాగములు మరింత గట్టిగా స్పందించినవి. కార్టిసాల్ కబురు బయలుదేరు చోటు అదియే గదా. ఊరిలో బెల్టు దుకాణము రాత్రి ఎన్ని గంటలవరకు నడచునో, ఎవరి అండతో నడచునో సభ్యులకు తెలియని రహస్యము కాదు. ఆ దుకాణమును గూర్చి మహిళా సంఘములు ఇచ్చిన అర్జీని ఊరి క్రమశిక్షణ సమస్యగా చూచుచున్నాము. ఉయ్యాలలోని బిడ్డకు అది ఆరోగ్య సమస్య.

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అను సామెతను మనవారు పిల్లలను కొట్టుటకు ఆధారముగా వాడుదురు. భయముచే వంచిన మొక్క ఏమగునో పైన చెప్పిన సంగతుల వలన తెలియుచున్నది. మొక్కకు కట్టు కొయ్య వేరు, కొట్టు కఱ్ఱ వేరు.

ప్రతి నెల జరుగు ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ దినమున సభ్యులు ఒకరైనను అచ్చట కూర్చుండి, మూడేండ్ల లోపు బిడ్డల పేర్లు చదివించుట కష్టము కాదు. ఎవరి తల్లికి రావలసిన డబ్బు ఆగినది, ఎవరి తల్లి కాన్పు తరువాత మాటలు తగ్గించి దిగులుగా నున్నది, ఏ ఇంటికి సందర్శన జరుగలేదు - ఈ మూడు ప్రశ్నలు చాలును. కాన్పు తరువాతి దిగులు జబ్బే గాని గయ్యాళితనము కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను.

చదివిన పేర్లలో లేని పేర్లు కూడ కలవు. పాలమూరు, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాల పల్లెలనుండి పనులకై తరలిపోవు కుటుంబములు ఎన్నియో కలవు. కొందరు బిడ్డను అవ్వవద్ద వదలి పోవుదురు. కొందరు వెంట తీసికొని పోవుదురు. అవ్వవద్దనున్న బిడ్డ పేరు రిజిష్టరులో ఉండును గాని, అవ్వకు ఎవరు తోడు అని అడుగువారుండరు. మన ఊరికి వచ్చువారు కూడ కలరు. ఊరి చివర ఇటుక బట్టీలో ఒడిశానుండి వచ్చిన కుటుంబములు కార్తికమునకు చేరి వేసవి ముగియువరకు ఉందురు. అచ్చట పచ్చి ఇటుకల వరుసల మధ్య, గోనెపట్టా నీడలో పండుకొన్న ఏడాది బిడ్డ ఏ ఊరి రిజిష్టరులోను కనబడదు. తల్లి చేతులు రోజంతయు బంకమట్టిలో నుండును. అంగన్‌వాడీ సేవలు ఆ ప్రదేశమున నివసించు బిడ్డలందరికిని ఉద్దేశింపబడినవి; భాష వేరైనంతమాత్రమున మినహాయింపు లేదు. వచ్చు సమావేశమునకు ముందు ఒక సభ్యుడు బట్టీ వరకు నడచిపోయి, మూడేండ్ల లోపు బిడ్డలు ఎందరున్నారో లెక్కించి, పేర్లతో సహా వ్రాసికొని రావలెను.